మొదటి రెజ్యూమె: "నేనేమీ చేయలేదు" అనుకునే విశాఖ విద్యార్థికి ఒక మార్గదర్శి

ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే ద్వారకా నగర్, మద్దిలపాలెం, గాజువాక ప్రాంతాల నెట్ సెంటర్లలో ఒకే మాట పదే పదే వినిపిస్తుంది: "అన్నా, ఒక బయోడేటా కొట్టి ఇవ్వవా?" కుర్చీలో ఉన్న అన్న ఎప్పటి నుంచో కంప్యూటర్లో దాచుకున్న ఫైలు తెరిచి, పాత పేరు చెరిపి కొత్త పేరు కొడతాడు. ఐదు నిమిషాల్లో ప్రింటు చేతికొస్తుంది. నా మొదటి రెజ్యూమె కూడా అలాగే తయారైంది. దాన్ని పట్టుకుని ఒక బట్టల షోరూంకి వెళితే, అక్కడి మేనేజరు గారు మౌనంగా చదివి, తండ్రి పేరున్న వరుస కింద పెన్నుతో గీత గీసి కాగితం తిరిగి నా చేతికిచ్చారు. అక్కడున్నది మా నాన్నగారి పేరు కాదు. నాకన్నా ముందు అదే ఫైలు వాడుకున్న మరొకరి తండ్రిగారి పేరు. సొంత పేజీని సొంతంగా చదువుకోకుండా ఇచ్చినందుకు ఆ రోజు కలిగిన బాధ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ పనిని నోటుపుస్తకంతో మొదలుపెట్టమని, కంప్యూటరు జోలికి చివరి రోజున మాత్రమే వెళ్లమని నా దగ్గరకు వచ్చే పిల్లలందరికీ చెబుతుంటాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. బయోడేటా మీరెవరో చెబుతుంది: తల్లిదండ్రులు, పుట్టిన తేదీ, కులం, మతం, ఎత్తు. రెజ్యూమె మీరు ఏం చేయగలరో, ఆ మాటకు ఆధారం ఏమిటో చెబుతుంది. పనిలో పెట్టుకునేవారికి కావలసింది ఈ రెండోదే. పద్దెనిమిదేళ్ల పిల్లలకు ఉద్యోగానుభవం ఉండదని వారికీ తెలుసు. చెప్పిన వేళకు వస్తారా, డబ్బు అప్పగిస్తే లెక్క సరిగ్గా చెబుతారా, విసుగ్గా వచ్చిన మనిషితో మర్యాదగా మాట్లాడతారా, నేర్పితే నేర్చుకుంటారా అని మాత్రమే వారు చూస్తారు. ఈ ప్రశ్నలకు జవాబులు చాలామంది పిల్లల జీవితాల్లో ఇప్పటికే ఉన్నాయి. ఇంట్లోనూ వీధిలోనూ చేసినదాన్ని వారు పని అని పిలవకపోవడం వల్లనే ఆ జవాబులు కాగితం మీదికి రావడం లేదు.

మొదటి అడుగు: రెండు సాయంత్రాలు, ఒక నోటుపుస్తకం

గడిచిన మూడేళ్లలో మీరు క్రమం తప్పకుండా చేసిన ప్రతి పనినీ తెలుగులోనే, మీ మాటల్లోనే రాయండి. జీతం వచ్చిందా లేదా అన్నది ఈ దశలో ఆలోచించవద్దు. "నా మీద ఎవరు దేనికి ఆధారపడ్డారు?" అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. గాజువాకకు చెందిన ఒక అమ్మాయితో నేను కూర్చున్నప్పుడు మా మాటలు ఇలా సాగాయి.

"ఇంతవరకు ఏం పని చేశావమ్మా?"

"ఏమీ లేదండీ. చదువుకున్నాను, అంతే."

"పొద్దున్న ఎన్నింటికి లేస్తావు?"

"ఐదింటికండీ. అమ్మ టిఫిన్ బండి దగ్గర ఉండాలి కదా."

"అక్కడ నువ్వు చేసేదేమిటి?"

"ఏముందండీ, డబ్బులు తీసుకుంటాను, చిల్లర ఇస్తాను. ఫోన్ పే చేసినవాళ్లవి వచ్చాయో లేదో చూస్తాను. రాత్రికి లెక్క రాస్తాను."

"ఏమీ లేదు" అన్న మాట వెనక రెండేళ్ల క్యాషియరు పని ఉంది. రోజుకు ఎంతమంది వస్తారని అడిగితే ఆమె "వంద మంది ఉంటారేమో" అంది. ఊహించిన అంకె రాయవద్దని, ఒక వారం లెక్కపెట్టమని చెప్పాను. ఆమె లెక్కల పుస్తకం చివరి పేజీలో ఒక్కో మనిషికి ఒక్కో నిలువు గీత గీసి, ప్రతి అయిదో గీతను అడ్డంగా కొట్టుకుంటూ వచ్చింది. ఏడు రోజుల తరువాత చూస్తే అతి తక్కువ రోజున 71 మంది, ఎక్కువ రోజున 94 మంది తేలారు. వంద అనే అంకె అక్కడితో పోయింది, "రోజుకు 70 నుంచి 90 మంది" అన్న నిజమైన మాట వచ్చింది. ఇంటర్వ్యూలో ఎవరైనా "ఎలా చెప్పగలవు?" అని అడిగితే ఆమె తడబడకుండా జవాబు చెప్పగలదు.

మీ నోటుపుస్తకంలోకి రావలసినవి ఇలాంటివే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. సరిగ్గా వేసవి సెలవుల్లో వచ్చే ఆ రోజుల్లో తండ్రితో కూర్చుని వలలు బాగుచేసే జాలరిపేట అబ్బాయికి చేతిపనిలో ఓపిక, పనిముట్లపై పట్టు ఉన్నాయి. మిగిలిన నెలల్లో ఆదివారాలు ఫిషింగ్ హార్బర్‌లో తూకం చూసి వేలం లెక్క రాసి ఉంటే అది వేరే వరుస అవుతుంది. వినాయక చవితి పందిరికి వసూలైన చందాల పుస్తకం రాసినవారు, ఆషాఢ మాసంలో సింహాచలం కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు సాగే గిరి ప్రదక్షిణలో భక్తులకు మంచినీళ్లు అందించినవారు, అపార్టుమెంటులో చిన్న పిల్లలకు లెక్కలు చెప్పినవారు, ఎన్‌సీసీలోనో ఎన్‌ఎస్‌ఎస్‌లోనో ఉన్నవారు, మావయ్య జిరాక్స్ షాపులో సెలవుల్లో కూర్చున్నవారు, అమ్మమ్మకు పింఛను పత్రాలు నింపి వార్డు సచివాలయానికి తీసుకెళ్లినవారు, అందరూ రాయవచ్చు. ప్రతిదానికీ పక్కన నాలుగు వివరాలు చేర్చండి: ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎంత, మీరు స్వయంగా చేసిన భాగమేది. నలుగురు కలిసి చేసిన పనిలో మీ వంతును మీ వంతుగానే రాయాలి.

రెండో అడుగు: ఏ పనికో నిర్ణయించుకోవడం

ఒకే రెజ్యూమెను అన్ని చోట్లకూ పంపడం వల్ల అది ఎక్కడా సరిగ్గా అతకదు. ద్వారకా నగర్‌లోని వస్త్ర దుకాణానికి కొనుగోలుదారులతో మాట్లాడగలగడం ముఖ్యం. పోర్టు సరుకుల కాగితాలు చూసే ఏజెంటు కార్యాలయానికి తప్పుల్లేని టైపింగు, అంకెల్లో జాగ్రత్త ముఖ్యం. రుషికొండ వైపు హోటళ్లకు హిందీ, కొంత ఇంగ్లీషు, శుభ్రమైన నడవడి ముఖ్యం. ప్రకటన మీకు దొరికితే రెండుసార్లు చదివి, అందులో అడిగిన గుణాల కింద గీతలు గీసి, మీ నోటుపుస్తకంలో వాటికి సరిపోయే వరుసలను వెతకండి. సరిపోయినవి పేజీలో పైకి వస్తాయి, మిగిలినవి కిందికి దిగుతాయి, సంబంధం లేనివి నోటుపుస్తకంలోనే ఉండిపోతాయి.

వయసు విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. 14 నుంచి 18 ఏళ్ల మధ్య వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోవడాన్ని చట్టం నిషేధిస్తోంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద శిక్షణకు కనీస వయసు 14 ఏళ్లు కాగా, ప్రమాదకర పరిశ్రమల్లో అది 18. గేర్లున్న బండికి డ్రైవింగ్ లైసెన్సు 18 నిండితేనే వస్తుంది కాబట్టి, అంతకన్నా చిన్నవారు డెలివరీ పనుల గురించి ఆలోచించవద్దు. వయసు ఒక సంవత్సరం పెంచి రాయమని ఎవరు సలహా ఇచ్చినా వినకండి. పదో తరగతి మెమో అడిగిన రోజున ఆ మాట నిలవదు.

మూడో అడుగు: పేజీ రూపం

ఒక్క ఏ4 పేజీ చాలు. నాలుగు వైపులా ముప్పావు అంగుళం నుంచి అంగుళం వరకు ఖాళీ వదలండి. ఒకే ఫాంటు వాడండి: పేరు 16 పాయింట్లలో, మిగతాది 11 పాయింట్లలో. రంగులు, పూల అంచులు, నైపుణ్యాల పక్కన నక్షత్రాలు అక్కరలేదు. కంప్యూటర్‌లో నాలుగు నక్షత్రాలంటే ఏమిటో మీరూ చెప్పలేరు, చదివేవారూ ఊహించలేరు.

పైన పేరు. ఇది మన పిల్లలు ఎక్కువగా పొరబడే చోటు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, కాలేజీ గుర్తింపు కార్డులో ఇంటిపేరు చివరికి వెళ్లిపోతుంది. రెజ్యూమెలో మాత్రం పదో తరగతి మెమోలో ఉన్న అక్షరాలు, అదే వరుసలో వాడండి. రేపు జీతం ఖాతా, పీఎఫ్ తెరవవలసి వచ్చినప్పుడు పేర్లలో తేడా ఉంటే చాలా తిరగవలసి వస్తుంది కాబట్టి, తేడా కనిపిస్తే సరిచేయించుకునే పని ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది.

పేరు కింద ఫోను నంబరు, ఈమెయిల్, ప్రాంతం. ఫోను నంబరు మీరు ఎత్తగలిగినదై ఉండాలి. ఇంట్లో ఒకే ఫోను ఉంటే నాన్నగారి నంబరు ఇవ్వడంలో తప్పు లేదు, కానీ ఫలానా చోటి నుంచి ఫోను రావచ్చని ఆయనకు ముందే చెప్పి ఉంచండి. ఈమెయిల్‌లో మీ పేరు, రెండు అంకెలు మించి మరేమీ వద్దు. స్కూల్లో సరదాగా పెట్టుకున్న చిరునామా ఇక్కడ పనికిరాదు. ఇంటి నంబరుతో సహా పూర్తి చిరునామా అవసరం లేదు, "గాజువాక, విశాఖపట్నం 530026" చాలు. పెందుర్తిలోనో అనకాపల్లి వైపో ఉంటూ మధురవాడలో పనికి దరఖాస్తు చేస్తుంటే, ఆ షిఫ్టు వేళకు మీకు బస్సు ఉందో లేదో ముందే చూసుకోండి. తొలి ప్రశ్నల్లో అది ఒకటి కావచ్చు.

నాలుగో అడుగు: లక్ష్యం అనే రెండు వాక్యాలు

ఊరంతా తిరిగే ఒక పాత ఇంగ్లీషు వాక్యం ఉంది. పేరున్న సంస్థలో చేరి, నా నైపుణ్యాలు వినియోగించి, సంస్థ ఎదుగుదలతో పాటు ఎదగాలని కోరుకుంటున్నాను అన్నది దాని సారాంశం. దాన్ని తీసేయండి. దాని స్థానంలో మీరెవరు, ఏ పని కోరుతున్నారు, ఎప్పటి నుంచి, ఏ వేళల్లో రాగలరు అన్నది రెండు వాక్యాల్లో రాయండి: "ఈ ఏడాది ఇంటర్ సీఈసీ పూర్తిచేశాను; రెండేళ్లుగా కుటుంబ టిఫిన్ బండి దగ్గర నగదు లెక్క చూస్తున్నాను. సేల్స్ లేదా క్యాష్ కౌంటరు పనిలో జూలై 1 నుంచి రోజూ ఉదయం 9 గంటలకు చేరగలను."

చదువు వివరాల్లో తాజాది పైకి రావాలి. కోర్సు, కాలేజీ, ఉత్తీర్ణులైన సంవత్సరం, తరువాత మార్కులు. మార్కులు బాగుంటే రాయండి. ప్రకటనలో అడిగితే ఎలా ఉన్నా రాయండి. అడగకపోతే, తక్కువగా ఉంటే వదిలేయవచ్చు. సప్లిమెంటరీలో పాసైనవారు ఆ సంవత్సరాన్నే వేయాలి. ఇంకా ఒకటి రెండు పేపర్లు మిగిలి ఉన్నవారు "ఇంటర్ రెండో సంవత్సరం, ఒక పేపరు రాయవలసి ఉంది" అని నిజంగానే రాసి, పదో తరగతిని పూర్తి వివరాలతో చూపాలి. ఈ మాట రాయడానికి పిల్లలు పడే బాధను నేను చూశాను. అయినా రాసినవారికి పని దొరకడమూ చూశాను. దాచినవారికి సర్టిఫికెట్ల పరిశీలన రోజున పని పోవడమూ చూశాను. మెమోలు డిజిలాకర్‌లో ఉన్నాయేమో చూసుకుని, ఒక కాపీ ఫోనులో ఉంచుకోండి.

ఐదో అడుగు: అనుభవం

పేజీలో సగం దీనికే కేటాయించండి. ఉద్యోగం చేయలేదు కాబట్టి శీర్షికను "పని, బాధ్యతలు" అని పెట్టుకోవచ్చు. ఒక్కో బాధ్యతకు రెండు మూడు వరుసలు చాలు. గాజువాక అమ్మాయి మొదట రాసిన వరుస ఇది: "అమ్మకు వ్యాపారంలో సహాయం చేశాను." అందులో అబద్ధం లేదు, కానీ చదివేవారికి ఏమీ కనిపించదు. లెక్కపెట్టిన తరువాత ఆమె రాసింది ఇది:

"గాజువాకలో మా కుటుంబం నడిపే టిఫిన్ బండి దగ్గర రెండేళ్లుగా రోజూ ఉదయం 6 నుంచి 8 వరకు నగదు, యూపీఐ చెల్లింపులు చూస్తున్నాను. రోజుకు 70 నుంచి 90 మంది కొనుగోలుదారులు వస్తారు. రాత్రికి అమ్మకం, చేతిలో ఉన్న నగదు, ఫోనులో వచ్చిన మొత్తం సరిపోయాయో లేదో పుస్తకంలో రాస్తాను."

మూడో వాక్యమే ఆమెకు ఎక్కువగా ఉపయోగపడుతుందని నా నమ్మకం, ఎందుకంటే రోజు చివర లెక్క సరిచూసే అలవాటు ఏ దుకాణానికైనా కావలసిందే. జాలరిపేట అబ్బాయి "తూకం చూసి, కొన్నవారి పేరు, బుట్టల సంఖ్య, ధర రాశాను" అని రాస్తే అది గోడౌన్‌లో సరుకు రాసే పనికి దగ్గరగా వస్తుంది. చవితి పందిరి లెక్క రాసినవారు "62 ఇళ్ల చందాలకు రసీదులు ఇచ్చి, ఖర్చుల పట్టీని అందరికీ కనిపించేలా గోడకు అంటించాం" అని రాయవచ్చు, నిజంగా 62 ఇళ్లే అయితే, నిజంగా అంటించి ఉంటే.

"కష్టపడి పనిచేస్తాను", "నిజాయితీ కలవాడిని", "టీమ్‌లో బాగా పనిచేస్తాను" అన్న మాటలను ఈ వరుసలే చెబుతాయి కాబట్టి వాటిని విడిగా రాయనక్కరలేదు.

ఆరో అడుగు: నైపుణ్యాలు, భాషలు

విశాఖకు ఒడిశా, బెంగాల్ నుంచి పర్యాటకులు వస్తారు, ఒడియా మాట్లాడే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి, నౌకాదళం వల్ల హిందీ వినపడని రోజుండదు. కాబట్టి భాషల వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. ప్రతి భాషకు చదవడం, రాయడం, మాట్లాడటం వేరువేరుగా చెప్పండి. "హిందీ: మాట్లాడగలను, చదవడం నెమ్మది" అన్నది గౌరవంగానే ఉంటుంది.

కంప్యూటరు విషయంలో ఏం చేయగలరో చెప్పండి: ఎక్సెల్‌లో పట్టిక వేసి మొత్తాలు కట్టగలను, తెలుగులో, ఇంగ్లీషులో ఉత్తరం టైపు చేయగలను, అని. సాంకేతిక విద్యా శిక్షణ మండలి నిర్వహించే ఇంగ్లీషు టైపింగ్ పరీక్షల్లో లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45 మాటలు వేగం కావాలి; అందులో ఏదైనా పాసై ఉంటే సంవత్సరంతో సహా తప్పక రాయండి. ఎన్‌సీసీ 'ఏ' సర్టిఫికెట్, ఆటల్లో జిల్లా స్థాయి పాల్గొనడం వంటివి కాగితం చేతిలో ఉంటేనే చేర్చాలి. పుస్తకాలు చదవడం, పాటలు వినడం వంటి అభిరుచులు చోటు మిగిలితే ఒక వరుసలో సరిపోతాయి.

రాయకూడనివి

ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, పాన్ నంబరు ఎన్నటికీ రెజ్యూమెలో పెట్టవద్దు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో, ఏ వాట్సాప్ గ్రూపులోకి వెళుతుందో మీకు తెలియదు; మీ పేరున అప్పు తీసుకునేవారికి మీరే దారి చూపినట్లవుతుంది. పనిలో చేరిన తరువాత కార్యాలయంలో నేరుగా ఇవ్వవచ్చు. కులం, మతం, తల్లిదండ్రుల వృత్తి, పెళ్లి వివరాలు పని సామర్థ్యానికి సంబంధించినవి కావు. ఫోటో అడిగితేనే జతచేయండి. ముఖ్యంగా అమ్మాయిలు ఫోటో, పూర్తి చిరునామా రెండూ ఉన్న కాగితాన్ని తెలియనివారికి పంపవద్దని నా గట్టి మనవి.

చివర "పై వివరాలు నిజమని ప్రకటిస్తున్నాను" అన్న వాక్యం మన దగ్గర ఆనవాయితీగా వస్తోంది. పెట్టినా నష్టం లేదు, పెడితే తేదీ వేసి సంతకం చేయండి.

ఏడో అడుగు: మీ గురించి చెప్పగలవారు

ఇద్దరు చాలు: ఒక ఉపాధ్యాయుడు, మీ పనిని కళ్లారా చూసిన మరో పెద్దమనిషి. మేనమామ, పెదనాన్న వంటి బంధువుల మాటకు బయట బరువుండదు. పేరు రాసే ముందు స్వయంగా వెళ్లి అడగండి: "మేడమ్, ఉద్యోగాలకు దరఖాస్తు చేస్తున్నాను, మీ పేరు, నంబరు ఇవ్వవచ్చా?" వారు ఒప్పుకుంటే మీ రెజ్యూమె కాపీ ఒకటి వారికీ ఇవ్వండి, ఎవరైనా ఫోను చేసినప్పుడు వారు ఏం చెప్పాలో వెతుక్కోనవసరం ఉండదు.

ఎనిమిదో అడుగు: ఇంగ్లీషులోకి తేవడం

ఎక్కువ చోట్ల ఇంగ్లీషు రెజ్యూమెనే అడుగుతారు. తెలుగులో రాసినదాన్ని ఫోనులోని అనువాద యాప్‌కు మొత్తంగా అప్పగిస్తే వచ్చేది మీ మాట కాదు, మీకు అర్థం కాని మాటలు అందులో చేరతాయి. ప్రతి వరుసను చిన్న క్రియతో మొదలుపెట్టి మీరే రాయండి: హ్యాండిల్డ్, కౌంటెడ్, టాట్, రిపేర్డ్, వంటివి చాలు. తరువాత ఇంగ్లీషు మాస్టారికి చూపించి తప్పులు దిద్దించుకోండి. దిద్దిన తరువాత ఒక్కో వరుసపై వేలుపెట్టి, దాని గురించి ఒక నిమిషం పాటు తెలుగులో మాట్లాడి చూడండి. మాట్లాడలేని వరుస మీది కాదు, కొట్టేయండి. చివరగా పేజీని గట్టిగా చదివి, అంకెలు, తేదీలు, తండ్రి పేరు ఉంటే అది కూడా, మరొకరి చేత సరిచూపించండి.

తొమ్మిదో అడుగు: పంపడం, అందజేయడం

పీడీఎఫ్‌గా మార్చి, ఫైలుకు మీ పేరే పెట్టండి. నెట్ సెంటర్‌లో టైపు చేయిస్తే ఫైలును మీ ఈమెయిల్‌కు పంపుకుని, అక్కడి కంప్యూటర్‌లో మీ ఎదుటే తొలగించమని అడగండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఉత్త ఫైలు పంపకుండా పైన నాలుగు మాటలు రాయాలి: "నమస్కారమండీ. సేల్స్ సహాయకుల కోసం మీరు పెట్టిన ప్రకటన చూశాను. ఇంటర్ సీఈసీ పూర్తిచేశాను, గాజువాకలో ఉంటాను. రెజ్యూమె జతచేశాను. ఎప్పుడు కలవమంటే అప్పుడు వస్తాను."

దుకాణానికి స్వయంగా వెళ్లేవారు పనిరోజుల్లో ఉదయం 11 గంటల ప్రాంతంలో వెళ్లండి; సాయంత్రం రద్దీలో, పండగ ముందు వారంలో యజమానికి చదివే తీరిక ఉండదు. కాగితాన్ని మడవకుండా ఫైలు కవరులో పెట్టుకోండి. కంచరపాలెంలోని జిల్లా ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోండి, కేంద్ర ప్రభుత్వ నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో నమోదు ఉచితం, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే జాబ్ మేళాలకు కనీసం పది కాపీలు తీసుకెళ్లండి. ఉద్యోగం ఇప్పిస్తామంటూ రిజిస్ట్రేషన్, యూనిఫాం, శిక్షణ పేరుతో ముందే డబ్బు అడిగిన చోట రెజ్యూమె వెనక్కి తీసుకుని బయటకు వచ్చేయండి.

ఇంటికి వచ్చాక అదే నోటుపుస్తకంలో ఒక పేజీ తిప్పి, ఎవరికి, ఏ తేదీన, ఏ రెజ్యూమె ఇచ్చారో రాసుకోండి. వారం గడిచినా కబురు రాకపోతే ఒకసారి ఫోను చేయడం మర్యాదే. మూడు వారాల తరువాత తెలియని నంబరు నుంచి ఫోను వచ్చి "మీరు మా దగ్గర కాగితం ఇచ్చారు కదా" అన్నప్పుడు, ఆ పేజీ చేతికి అందేంత దగ్గరలో ఉండాలి.